పెన్సిల్ సంతకంతో సికింద్రాబాదుకు

తెనాలిలో పొద్దున ఆరూ పదికి రావలసిన బండి ఆరూ యాభైకి వచ్చింది. ఆ నలభై నిమిషాలూ చేతిసంచిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని బెంచీ మీద కూర్చున్నాను. సంచిలో రెండు చీరలు, ఇడ్లీల డబ్బా, మంచినీళ్ల సీసా, అన్నిటికీ పైన దిండుగలీబులో చుట్టిన ఒక పాత పాటల పుస్తకం. ఆదివారాలు మందిరంలో పాడుకునే కీర్తనల పుస్తకం అది. దాని మొదటి ఖాళీ పేజీలో వయొలిన్ సోమనాథం గారి సంతకం ఉంది. ఆ సంతకం ఆయనదేనని, తెలిసినవాళ్ల చేత ఒక్క ముక్క రాయించుకు రావడానికే ఈ ప్రయాణం.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. సంతకాల పిచ్చి పట్టి ఇంకా ఏడాది కాలేదు. నా సేకరణ మొత్తం నాలుగు సంతకాలు. అందులో మూడు ఎవరికీ అక్కర్లేనివి. నాలుగోది ఈ పుస్తకంలోది. ఇది మా ఇమ్మానుయేలు మామయ్య నాకిచ్చాడు.

మామయ్య మా అమ్మకు అన్నగారు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉంటాడు. డెబ్బై ఆరేళ్లు. మందిరంలో పాటలకు వయొలిన్ వాయించేవాడు. కుర్రతనంలో ఒక సాయంత్రం పాటల సాధన అవగానే నేరుగా సోమనాథం గారి కచేరీకి వెళ్లానని, ఆఖర్న చేతిలో ఉన్న ఈ పుస్తకమే చాపి సంతకం పెట్టించుకున్నానని చెబుతాడు. సోమనాథం గారు సంతకాలు ఇచ్చే మనిషి కాదని సంగీతం తెలిసినవాళ్లంతా అంటారు. అందుకే మామయ్య మాట ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "కచేరీలో నిద్రపోయి కలగన్నావు అన్నయ్యా" అని మా అమ్మే ఏడిపించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

కిందటి నెల మా ఊరి సంగీత సభవాళ్లు సోమనాథం గారి జ్ఞాపకాలతో ఒక ప్రదర్శన పెడతామన్నారు. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పుస్తకం పట్టుకెళ్లాడు. కార్యదర్శి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ వయసులో మనకెందుకండీ ఇవన్నీ" అన్నాడట, పదిమందిలో. రుజువు తెస్తే చూద్దామన్నాడట. ఆ రోజు నుంచి మామయ్య వయొలిన్ పెట్టె తెరవలేదు. ప్రదర్శనకు ఇంకా రెండు వారాలుంది. నాకు ఒళ్లు మండింది. సెలవు పెట్టి బయల్దేరాను.

నేనెంత జాగ్రత్తపరురాలినో మీకు తెలియడానికి ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఒక పెద్ద బైబిలుంది. దాని ముందు పేజీల్లో ఇంట్లోవాళ్ల పేర్లు, పుట్టిన రోజులు, పెళ్లి రోజులు రాసి ఉంటాయి. రాయడం వచ్చినవాళ్లు ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి. ప్రతి జనవరిలో ప్రార్థన అయ్యాక, వెలిసిపోయిన పేర్లన్నిటినీ పెన్నుతో మళ్లీ దిద్దుతాం. పేరు వెలిసిపోతే మనిషిని మరిచిపోయినట్టేనని మా నమ్మకం. అమ్మ ఉన్నప్పుడు అమ్మ దిద్దేది. ఆమె పోయాక మూడేళ్లుగా నేను దిద్దుతున్నాను. మామయ్య మాత్రం తన పేరు ముట్టుకోనివ్వడు. "నేనింకా బతికే ఉన్నానే" అంటాడు. సోమనాథం గారి సంతకం పెన్సిల్‌తో పెట్టింది. నా చేతికొచ్చేసరికి సగం వెలిసిపోయి ఉంది. అందుకని పోయిన వారం మంచి నల్ల రీఫిల్ కొని, ఊపిరి బిగబట్టి, ఒక్క ఒంపు కూడా తప్పకుండా దిద్దాను. కింద ఒక పిచ్చిగీత ఉంటే దాని జోలికి వెళ్లలేదు.

విజయవాడ దాటేసరికి ఎనిమిది. ఈ బండి ఎక్కేవాళ్లు ఎడమచేతి కిటికీ తీసుకోండి, మధ్యాహ్నం దాకా ఎండ కుడివైపే కొడుతుంది. నేను కుడివైపు దొరికి మాడిపోయాను. ఖమ్మంలో ఒకాయన ఎక్కి, నా ఒళ్లో పుస్తకం చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను. అదే నా పొరపాటు. పెట్టెలో కలరా ఉండలు వేయమని ఆయన, వేపాకు పెట్టమని పక్కనున్న పెద్దావిడ, నాలుగు మూలలా జిగురు రాసి అట్టకు అంటించమని పైబెర్తులోంచి ఎవరో. మహబూబాబాద్‌లో ఎక్కిన ఒకామె అందరినీ తోసిరాజని తీర్పు చెప్పింది.

"లామినేషన్ గొట్టియ్యి అక్కా. నా రేషన్ కార్డు గట్లనే జేయించిన. నీళ్లు వడ్డా ఏం గాదు."

"కాగితానికి గాలి ఆడకపోతే పాడైపోతుందమ్మా" అన్నాను. ఎక్కడో చదివాను.

"కాగితానికి గాలి ఎందుకక్కా? అదేమన్న మనిషా?"

బోగీ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాజీపేటలో సీతాఫలాలు కొనుక్కుని, కిటికీ వైపు తిరిగి తింటూ కూర్చున్నాను.

సికింద్రాబాద్‌లో దిగేసరికి రెండున్నర. నన్ను ముందుగా కలవమన్న మనిషి బోయిగూడలో పాత తపాలా బిళ్లలు, నాణేలు, ఉత్తరాలు అమ్మే దుకాణదారు. పాత కాగితం చూస్తే చాలు వయసు చెప్పేస్తాడని మా స్కూల్ డ్రాయింగ్ మాస్టారు చిరునామా రాసిచ్చాడు. బోయిగూడ స్టేషన్ వెనకవైపు ఉంటుంది. ఆ సంగతి తెలియక నేను ముందు గేటులోంచి బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఆటో అతను ఊరంతా తిప్పి, చివరికి స్టేషన్ వెనక గోడ దగ్గరే దింపాడు. "మీరు అడగలే గద మేడమ్" అన్నాడు పైగా. వెనక గేటు ఉంది, నడిచి వెళ్లిపోవచ్చు. మీరైనా గుర్తుపెట్టుకోండి.

ఇరుకు సందులో, ఒక టైలరు షాపు పక్కన, తలుపంత వెడల్పున్న దుకాణం. యజమానికి అరవై దాటి ఉంటాయి. పేరు యాదగిరి. చాయ్ తాగుతూ పుస్తకం అందుకున్నాడు. భూతద్దం కూడా తీయలేదు.

"గిది పాత ఇంకు గాదు మేడమ్. మొన్న మొన్న రాసినట్టే ఉన్నది."

"అవును, దిద్దింది నేనే. అడుగున ఆయన పెన్సిల్ ఉంది."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మీరే దిద్దిండ్రా?"

"వెలిసిపోతుంటే మరి?"

"అరె! సంతకం మీద మీరు రాస్తె గది ఎవల్దయితది మేడమ్?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పోగొట్టుకోవడం కంటే నిలబెట్టుకోవడం తప్పా అని అడిగాను. ఒంపు తప్పలేదని, కావాలంటే స్కేలు పెట్టి కొలుచుకోమని గట్టిగానే అన్నాను. పక్క షాపులో కుట్టుమిషన్ ఆగింది. యాదగిరి మాత్రం నా మీద కోప్పడలేదు, అదే ఇంకా మంటగా ఉంది.

"పరేషాన్ గాకుండ్రి. బొల్లారంల అనసూయమ్మ అని ఉన్నది. ఇరవై ఏండ్లు సోమనాథం గారి ఎనక తంబూర వట్టుకొని కూసున్నది. ఆమె చెయ్యి గుర్తువడ్తది. పోయి చూపెట్టుండ్రి."

అక్కడి నుంచి ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న మా తమ్ముడు ప్రసాద్ ఇంటికి వెళ్లాలి. బస్సులో నిలబడే వెళ్లాను, గంటా పది నిమిషాలు, పుస్తకం గుండెలకు హత్తుకుని. ప్రసాద్ అక్కడి పెద్ద ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మంచివాడే. కాని కాగితం కనిపిస్తే ప్లాస్టిక్‌లో పెట్టకుండా ఉండలేడు. వాడి పదో తరగతి మార్కుల జాబితా, పెళ్లి శుభలేఖ, గ్యాస్ కనెక్షన్ కాగితం, అన్నీ గాజుపలకల్లా బీరువాలో నిలబడి ఉంటాయి.

ఆరున్నరకు స్నానానికి వెళ్లి, వచ్చేసరికి టేబుల్ మీద దిండుగలీబు ఉంది, పుస్తకం లేదు. ప్రసాద్ కూడా లేడు. నా అరికాలి మంట నెత్తికెక్కింది. మరదలిని అడిగితే, "చౌరస్తాలో జిరాక్స్ షాపుకెళ్లారు వదినా, మీకు సర్‌ప్రైజ్ అట" అంది. తడి జుట్టుతోనే వీధిలో పడ్డాను. ప్రభువా, వాడికి బుద్ధి ఇవ్వు, లేకపోతే నాకు ఓపికైనా ఇవ్వు అనుకుంటూ పరుగెత్తాను.

షాపులో లామినేషన్ మిషన్ ఎర్ర దీపం పెట్టుకుని వేడెక్కుతోంది. షాపతను పేజీ కోయడానికి బ్లేడు తీశాడు. ప్రసాద్ పుస్తకం విప్పి పట్టుకుని నిలబడ్డాడు. "ఆపు!" అని నేను అరవడం, కరెంటు పోవడం ఒకేసారి జరిగాయి. చౌరస్తా మొత్తం చీకటైపోయింది. ఆ చీకట్లో తడుముకుని వాడి చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను.

"ఏందక్కా, వందేళ్లు ఉంటుంది కదా!" అన్నాడు వాడు.

"ఆయన చేత్తో రాసినదాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు, తెలిసిందా?" అని నడిరోడ్డు మీద అరిచాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. యాదగిరి గుర్తొచ్చి, పుస్తకం కొంగులో చుట్టుకుని ఇంటిదారి పట్టాను.

మర్నాడు తొమ్మిదింటికి బొల్లారం బయల్దేరాను. ఆటో అతను బొల్లారం అంటే బొల్లారం స్టేషన్ అనుకుని అక్కడ దింపేశాడు. అనసూయమ్మ ఇల్లు బజారు వైపు. ఎండలో నడిచాను. మిలిటరీ వాళ్ల ప్రహరీ గోడలు ఎంతకీ తరగవు, అడుగుదామంటే మనిషి కనిపించడు. చివరికి ఒక సైకిల్ షాపతను, "సంగీతం టీచరమ్మనా? పాట ఇనవడ్తున్న దిక్కు పోండ్రి" అన్నాడు. నిజంగానే ఒక సందులో నలుగురైదుగురు ఆడపిల్లలు స్వరాలు పాడుతున్నారు. అప్పటికి పదిన్నర.

అనసూయమ్మ గారికి డెబ్బై దాటాయి. సన్నటి మనిషి, పెద్ద కళ్లజోడు. పిల్లల్ని పంపించేసి, నాకు మజ్జిగ ఇచ్చి, పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంది. వెనక్కి తిప్పి వేలితో నిమిరింది. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఎవరు దిద్దిండ్రమ్మా దీన్ని?"

"నేనే" అన్నాను. ఈసారి స్కేలు మాట ఎత్తలేదు.

"గురువుగారు పెన్ను ముట్టకపోతుండిరి. ఇంకు మరక వేలికి అంటితే తీగ మీద వేలు సక్కగ నడవదు అంటుండిరి. ఎప్పుడు రాసినా పెన్సిలే." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఒత్తి రాసిండ్రా, తేల్చి రాసిండ్రా, ఏడ చెయ్యి ఆగింది, గది జూసే నేను జెప్పేది. గిప్పుడు దీని మీద నీ చెయ్యే కనవడ్తున్నది బిడ్డా. నేనేం జెప్పాలె?"

నాకు ఏడుపొచ్చింది. నిన్నటి నుంచి బోగీలో వాళ్లను, ఆటోవాళ్లను, తమ్ముడిని, అందరినీ తిట్టిపోశాను. వాళ్లెవరూ దీన్ని పాడుచేయలేదు. పాడుచేసింది నేను. మామయ్య సంగతి, కార్యదర్శి అన్న మాట, మూసి ఉన్న వయొలిన్ పెట్టె, అంతా ఆమెకు చెప్పాను. ఏం చెబుతున్నానో నాకే సరిగ్గా తెలియలేదు.

ఆమె మళ్లీ పేజీ వైపు వంగింది. చాలాసేపు చూసి, సంతకం కింద వేలు పెట్టింది.

"మరి దీన్నెందుకు దిద్దలే?"

అర్ధచంద్రంలా చిన్న ఒంపు, దాని కింద రెండు అడ్డగీతలు. కనీ కనిపించనట్టుంది.

"అది పిచ్చిగీత కదండీ" అన్నాను.

అనసూయమ్మ గారు పకపకా నవ్వింది. "మంచిగ బతికింది తల్లీ, నీకు సమజ్ గాకపోవుడే మంచిదైంది." లోపలికి వెళ్లి ఒక పాత నోట్‌బుక్ తెచ్చి, మొదటి పేజీ తీసింది. పెన్సిల్ సంతకం, కింద అదే ఒంపు, అవే రెండు గీతలు. పుస్తకాన్ని, నోట్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టి నన్ను చూడమంది. ఒంపు మొదలైన చోట ఒత్తు, చివర్లో తేలిక, రెండింటిలోనూ ఒక్కలాగే ఉన్నాయి.

"మృదంగం ఒక్కటే వాయించే టైముకు జనం బస్సుల కోసం లేచి పోతుండిరి. గురువుగారికి గది సహించకపోతుండె. అందుకే సంతకం ఎవరడిగినా ఇయ్యకపోతుండిరి. మంగళం అయ్యేదాక కదలకుండ కూసున్నోళ్లు అడిగితేనే ఇచ్చి, కింద గీ గుర్తు వెడ్తుండిరి. ఇది నేను ఎవ్వరికీ జెప్పలే, ఎవ్వరూ అడుగలే."

ఒక కాగితం మీద ఆమె రాసిచ్చింది: పైన సంతకం మీద ఇంకొకరి చేయి పడింది కనుక దాని గురించి చెప్పలేను, కింది గుర్తు మాత్రం మా గురువుగారు పెట్టిందే, ఈ పుస్తకం చాపిన మనిషి మంగళం దాకా కూర్చున్న మనిషి. అంతా పెన్సిల్‌తోనే రాసింది. "దిద్దకు మళ్ల" అంది.

నాలాంటి కొత్తవాళ్ల కోసం ఆమె చెప్పింది కూడా రాస్తున్నాను. ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మ పడుతుంది. జిగురు వద్దు. గంజి పెట్టని మెత్తటి తెల్లబట్టలో చుట్టి, చీకట్లో, ఒత్తిడి లేకుండా పడుకోబెట్టాలి. వెలిసిపోతే వెలిసిపోనివ్వాలి. తన పాత నూలు చీర చింపి, ఆ ముక్కలో పుస్తకం చుట్టి ఇచ్చింది. నా దిండుగలీబును ముక్కు దగ్గర పెట్టుకుని, సబ్బు వాసనని పక్కన పడేసింది.

తిరుగు బండి సాయంత్రం నాలుగింటికి. మూడున్నరకే స్టేషన్ చేరి, ఎస్టీడీ బూత్‌లోంచి మా పక్కింటివాళ్లకు ఫోన్ చేసి మామయ్యను పిలిపించాను. ఆయన వచ్చేదాకా మీటరు తిరుగుతూనే ఉంది.

"ఏమన్నారమ్మాయ్?"

"నువ్వు మంగళం దాకా కూర్చున్నావట మామయ్యా. రాసిచ్చారు."

"అది నాకు తెలుసు గదే" అన్నాడు.

గుర్తు సంగతి చెప్పాను. తర్వాత, దాచలేక, "సంతకం నేనే పాడుచేశాను మామయ్యా. దిద్దకుండా ఉండాల్సింది" అన్నాను.

"నువ్వు దిద్దుతుంటే ఎదురుగానే ఉన్నాగా."

"మరి ఆపలేదేం? తెలిసీ ఊరుకున్నావా?" ఆయన మీద కూడా కోపమొచ్చింది నాకు.

"మీ అమ్మ కూడా అట్టాగే నాలుక పళ్ల మధ్య పెట్టుకుని దిద్దేది. అచ్చం అట్టాగే ఉన్నావు. చూస్తా కూర్చున్నా. ఆపబుద్ధి కాలేదమ్మా."

బండి నాలుగూ ఇరవైకి కదిలింది. జనగామ దగ్గర ఎదుటి సీటు పెద్దమనిషి నా ఒళ్లో తెల్లబట్ట మూట చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను. "లామినేషన్ చేయించుకోండి" అన్నాడు. ఊరుకున్నాను. నిన్నైతే పోట్లాడేదాన్ని.

ఈ ప్రయాణంలో నాకు ఎదురైనవాళ్లందరూ ఆ కాగితానికి ఏదో ఒకటి చేయబోయినవాళ్లే. ప్రేమతోనే చేయబోయారు, అదే తలనొప్పి. కార్యదర్శి ముందు అనసూయమ్మ గారి కాగితం పెడతాను. ప్రదర్శనలో పెట్టుకుంటాడో లేదో అతనిష్టం. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి, అది మాత్రం వదలను.

కాజీపేట దాటాక సూర్యుడు కుంకాడు. అప్పుడు గుర్తొచ్చింది బైబిలు. అందులో అమ్మ పేరు అమ్మే రాసుకుంది, పెళ్లికి ముందు, గుండ్రటి అక్షరాలతో. మూడు జనవరుల నుంచి దాన్ని నేను దిద్దుతున్నాను, ఒక్క ఒంపు కూడా తప్పకుండా. ఇప్పుడది అమ్మ పేరే. రాత మాత్రం నాది. అమ్మ ఎక్కడ ఒత్తి రాసిందో, ఎక్కడ చెయ్యి ఆపిందో ఇంక ఎవరూ చెప్పలేరు.

మామయ్య పేరు ఒక్కటే మిగిలింది, ఆయన ముట్టుకోనివ్వలేదు కనుక. కిందటి జనవరికే సగం వెలిసిపోయింది. వెలిసిపోనీ.